ఆతిథ్యము దక్కని నగరము: ప్రజల యాగ్రహము

ప్రపంచ క్రీడోత్సవములకు ఆతిథ్య మొసగ గోరి విఫలమైన నగరములందు ప్రజలకు గలుగు ఆవేదనను తేలికగా నెంచుట న్యాయము గాదు. సంవత్సరముల తరబడి ప్రభుత్వములు, పత్రికలు, వర్తక సంఘములు ఏకకంఠమున ఆశ గొల్పును. వీథులయందు జెండాలు వెలయును. తుదకు దూరదేశమున నొక సభామందిరమున మరియొక నగరము పేరు చదివినంతనే ఆ యాశ యంతయు నేల గూలును. పన్ను చెల్లించినవాడు, తన నగరము పేరు ప్రపంచమున వెలుగొందునని నమ్మినవాడు, "మే మెందులో తక్కువ?" యని యడుగుట సహజము. కాని యీ ప్రశ్న నెవరి నడుగవలయు నన్నదియే ముఖ్యము. ఆ కోపము పరాయివారిమీదికే మరలినచో తన యింటి లెక్క యడుగుట ప్రజలు మరచెదరు. లెక్క యడుగని కోపము మరునాడు లెక్కలేని వ్యయమునకు దారి తీయును. ఈ విషయమునే నేడు మన పాఠకుల యెదుట నుంచదలచితిమి.

ఇది మనకు సంబంధింపని విషయము గాదు. 2024 అక్టోబరులో భారత ఒలింపిక్ సంఘము 2036వ సంవత్సరపు ఒలింపిక్ క్రీడలను మన దేశమున జరుపవలయునను కోర్కెను అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమునకు లిఖితపూర్వకముగా దెలిపినది. 2025 నవంబరులో 2030 కామన్వెల్తు క్రీడల యాతిథ్యము అహమ్మదాబాదు నగరమునకు లభించినది. చిన్న కోర్కె ఫలించినది. పెద్ద కోర్కె ఫలింపవచ్చును, ఫలింపకపోవచ్చును. ఫలింపనిచో మన మెట్లు ప్రవర్తింపవలయునో, ఫలించినచో మన మేమి యడుగవలయునో ముందుగా నాలోచించుకొనుట వివేకము. ఇందుకు మనకంటె ముందు భంగపడిన నగరముల చరిత్రను మించిన గురువు లేడు.

ఏథెన్సు నగరపు హక్కు

ఆధునిక ఒలింపిక్ క్రీడలు మొట్టమొదట 1896 ఏప్రిలులో ఏథెన్సు నగరమున జరిగినవి. అలెగ్జాండ్రియాలో వర్తకము చేసి ధనము గడించిన జార్జి ఆవెరోఫ్ అను గ్రీకు దాత యొసగిన ద్రవ్యముతో ఆ నగరపు ప్రాచీన క్రీడారంగమును పాలరాతితో పునరుద్ధరించిరి. మారథాను పరుగులో మరూసి గ్రామవాసియు నీళ్లు మోయువాడు నగు స్పిరిడాన్ లూయీ గెలుపొందగా గ్రీకు జాతి యంతయు నుప్పొంగినది. ఆ క్రీడలకు నూరేండ్లు నిండు 1996వ సంవత్సరమున ఉత్సవము మరల తమ రాజధానియందే జరుగవలయునని గ్రీకులు తలంచిరి. తలంచుటయే గాదు, అది తమకు జన్మహక్కని వాదించిరి. క్రీడలు పుట్టిన గడ్డ మాది, పునర్జన్మ మెత్తిన నగరము మాది, శతజయంతి మరియొకచోట జరుగుట యెట్లని ప్రశ్నించిరి. ఈ వాదమునందు హృదయమును గదల్చు గుణము లేదని యెవరును చెప్పజాలరు.

1990 సెప్టెంబరు 18వ తేదీన టోక్యో నగరమున అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము సమావేశమై తీర్పు చెప్పినది. ఏథెన్సు, అట్లాంటా, టొరంటో, మెల్బోర్ను, మాంచెస్టరు, బెల్గ్రేడు అను ఆరు నగరములు పోటీపడినవి. పర్యాయమునకు ఒక్కొక్క నగరమును తొలగించుచు ఐదు పర్యాయములు ఓట్లు దీసిరి. మొదటి పర్యాయమున ఏథెన్సుకు 23 ఓట్లు, అట్లాంటాకు 19 ఓట్లు వచ్చినవి. మూడవ పర్యాయమున రెండును 26 ఓట్లతో సమానముగా నిలిచినవి. నాలుగవ పర్యాయమున అట్లాంటా ముందునకు వచ్చినది. ఐదవ పర్యాయమున అట్లాంటాకు 51, ఏథెన్సుకు 35 ఓట్లు. శతజయంతి యుత్సవము అమెరికాకు దక్కినది.

ఈ యంకెలను శ్రద్ధతో బరిశీలింపవలయును. మొదట నితర నగరముల గోరిన ఓట్లు నలుబదినాలుగు. ఆ నగరములు తొలగిన కొలది వానినుండి ఏథెన్సుకు చేరినవి పండ్రెండు. అట్లాంటాకు చేరినవి ముప్పదిరెండు. అనగా, ఏథెన్సు నాదినుండి ప్రేమించినవారు తుదివరకు దాని వెంటనే యుండిరి. తటస్థులను మాత్ర మా ప్రాచీన కీర్తి యొప్పింపలేకపోయినది.

కోపము మరలిన దారి

ఈ తీర్పు విని గ్రీసు దేశమంతయు నవమానముగా నెంచినది. అట్లాంటా నగరము కోకాకోలా కంపెనీకి కేంద్రస్థానము. అమెరికా టెలివిజను సంస్థలు ప్రసారపు హక్కులకై యిచ్చు ధనమే ఒలింపిక్ సంఘమునకు బ్రధానాదాయము. 1996 క్రీడల ప్రసారమునకై యొక్క యన్.బి.సి. సంస్థయే 45 కోట్ల 60 లక్షల డాలర్లు చెల్లించినది. కావున ధనము ధర్మమును గొన్నదని, చక్కెర నీళ్లు చరిత్రను ఓడించినవని గ్రీకులు మండిపడిరి.

వారి యనుమానము నిరాధారమని మేము చెప్పబోము. తరువాత వెల్లడియైన విషయములు దానిని చాలవరకు బలపరచినవి. 2002 శీతకాల క్రీడలకై సాల్ట్ లేక్ నగరము సభ్యులకును వారి కుటుంబములకును ఒసగిన కానుకలు, విద్యార్థి వేతనములు మొదలగునవి 1998 చివర బయల్పడగా, మరుసటి యేట పదిమంది సభ్యులు పదవులు గోల్పోయిరి. కొందరు రాజీనామా నిచ్చిరి, ఆర్గురు బహిష్కృతులైరి. ఆ పిమ్మట సభ్యులు పోటీ నగరములకు విహారముగా బోవుటనే నిషేధించిరి. 1993లో బీజింగు నగరము రెండు ఓట్ల తేడాతో, 45కు 43గా, సిడ్నీ చేతిలో నోడినది. ఓటునకు ముందటి రాత్రి సిడ్నీ పక్షమువారు ఇద్దరాఫ్రికా సభ్యుల దేశములయందలి క్రీడాసంఘములకు 35,000 డాలర్ల చొప్పున సహాయము వాగ్దానము చేసిరను సంగతి 1999లో బయటబడినది. ఇట్టి న్యాయసభ యెదుట నోడినవాడు తీర్పును శంకించుట తప్పు గాదు.

అయినను నాణెమునకు రెండవ వైపు గూడ నున్నది. నాటి ఏథెన్సు ఆకాశమును పొగమబ్బు గప్పియుండెను. వీథులు వాహనములతో గ్రిక్కిరిసి యుండెను. నగరమునకు దగిన క్రొత్త విమానాశ్రయము లేదు; విస్తృతమైన భూగర్భ రైలుమార్గము లేదు. 1989 జూను మొదలు 1990 ఏప్రిలు వరకు పదినెలలలో మూడు సాధారణ యెన్నికలు జరిగినవి. ఇట్టి స్థితిలో ఆరేండ్లలో నంతటి మహాకార్యమును నెరవేర్పగల ప్రభుత్వ మేదియని యడిగినవారికి గ్రీకులు పురాతన కీర్తిని జూపిరి. తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడన్న సామెత మన యిండ్లలో పుట్టినదే యైనను, దానికి దేశకాల నియమము లేదు.

ప్రజలు తమ యేలికలనడుగ వలసిన ప్రశ్న లిందే యున్నవి. మన రోడ్లేమైనవి? మన గాలి యేల చెడినది? ఇన్నేండ్లుగా రైలుమార్గ మేల ముందునకు సాగలేదు? కోపము సముద్రము దాటి యమెరికాకు బోయినంత కాలము ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవలసినవారు సుఖముగా నుండిరి. పరుల కుట్ర యనుమాట ఓడిన నాయకునకు చక్కని గొడుగు. ఆ గొడుగు నీడన నిలిచినవానిపై ప్రజాభిప్రాయ మను ఎండ పడదు.

గెలుపు తెచ్చిన లెక్క

ఏథెన్సు మరల ప్రయత్నించినది. ఈ మారు తీరు మార్చినది. హక్కు మాట విడిచి సంసిద్ధతను జూపినది. భూగర్భ రైలు పనులను సాగించినది. విమానాశ్రయ నిర్మాణమునకు బూనినది. 1997 సెప్టెంబరు 5వ తేదీన లౌసాను నగరమున రోమును 41కి 66 ఓట్లతో గెలిచి 2004 క్రీడలను సంపాదించినది. ఓటమి నేర్పిన పాఠము నామె చక్కగా నేర్చినదని యందరును మెచ్చుకొనిరి. ఇంతవరకు మేమును మెచ్చుకొందుము.

కాని గెలిచిన పిమ్మట జరిగినదే మన కెక్కువ పనికివచ్చు పాఠము. పనులు మూడేండ్లు మందగించినవి. 2000వ సంవత్సరమున ఒలింపిక్ సంఘాధ్యక్షుడు స్వయముగా హెచ్చరింపవలసి వచ్చినది. ఆ పైని యంతయు తొందర. తొందరలో చేయించు పనికి ధర యెంతయని యడుగు తీరిక యుండదని యిల్లు కట్టించిన ప్రతి గృహస్థునకు దెలియును. క్రీడలు 2004 ఆగస్టులో వైభవముగనే జరిగినవి. వానికై ప్రభుత్వము చేసిన వ్యయము దాదాపు 900 కోట్ల యూరోలని తరువాత ప్రభుత్వమే ప్రకటించినది. రక్షణ యేర్పాట్లకే సుమారు 100 కోట్ల యూరోలైనవి.

న్యాయముగా జెప్పవలసినది చెప్పెదము. విమానాశ్రయము, భూగర్భ రైలు, ట్రాము మార్గము నేటికిని ఏథెన్సు ప్రజలకు నిత్యోపయోగమున నున్నవి. 2010లో గ్రీసు దేశము ఋణభారమున గుప్పకూలుటకు క్రీడలే కారణమనుట యసత్యము. ఆ ఋణము 30,000 కోట్ల యూరోలకు మించినది. అందు క్రీడల భాగము కొంచెమే. కాని గ్రీకులు బేసుబాలు ఆడువారు గారు. సాఫ్టుబాలు ఆడువారు గారు. కట్టిన కృత్రిమ ప్రవాహమున పడవలు నడుపువారు గారు. పాత విమానాశ్రయ స్థలమగు హెల్లినికాన్ వద్ద ఈ యాటలకై నిర్మించిన రంగములు కొన్నేండ్లకే గడ్డి మొలచి, కంచెలు తుప్పుపట్టి పాడుబడినవి. 2015-16 సంవత్సరములలో యుద్ధభయమున పారివచ్చిన శరణార్థులకు ఆ ప్రాంతమే తాత్కాలికాశ్రయ మైనది. పదునేడు దినముల యాటకు గట్టిన కట్టడమునకు అటుపై దినములలో నెవరు దీపము పెట్టెదరని 1997లో నడిగినవారు అరుదు. ఏల? 1990 నాటి యవమానము దీర్చుకొనుటయే యెల్లరి లక్ష్యము. పరువుకై కొన్న వస్తువునకు బేరమాడుట లేదు గదా!

ఢిల్లీ యనుభవము

ఇక మన యింటి సంగతి. 1951లో మొట్టమొదటి ఆసియా క్రీడలకు ఆతిథ్య మొసగిన నగరము ఢిల్లీ. 1982లో మరల ఒసగినది. ఈ ఘనత నాధారము చేసికొని 2006 ఆసియా క్రీడలను గోరినది. 2000 నవంబరులో బూసాను నగరమున జరిగిన యెన్నికలో దానికి వచ్చినవి రెండే ఓట్లు. గెలిచిన దోహాకు 22 ఓట్లు వచ్చినవి. 2014 ఆసియా క్రీడలను మరల గోరినది. 2007 ఏప్రిలులో కువైటు నగరమున దక్షిణ కొరియాకు చెందిన ఇంచియాను 32 ఓట్లు పొందగా ఢిల్లీకి 13 ఓట్లు మాత్రమే వచ్చినవి.

నాడు వినవచ్చిన సమాధానము లెట్టివి? ఇంచియానువారు బీద దేశముల క్రీడాభివృద్ధికి రెండు కోట్ల డాలర్లు ఇత్తుమని చెప్పి ఓట్లు గొన్నారని యొకరు. ఇట్టి యుత్సవములవలన సామాన్యుల కేమి లాభమని బహిరంగముగా బ్రశ్నించిన నాటి క్రీడాశాఖ మంత్రి మణిశంకర్ అయ్యరు మాటలే కొంప ముంచినవని యింకొకరు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత యిచ్చట జ్ఞప్తికి రాకమానదు. 2003లో 2010 కామన్వెల్తు క్రీడలకై కెనడాలోని హామిల్టను నగరముతో పోటీపడి 46 ఓట్లకు 22గా గెలిచిన ఢిల్లీ, సభ్యదేశములు 72లో ఒక్కొక్కదానికి లక్ష డాలర్లు శిక్షణ వ్యయముగా నిత్తుమని చెప్పియే గెలిచినది. తాను పాడిన వేలంపాటలో పొరుగువా డెక్కువ పాడెనని యేడ్చుట పెద్దమనుష్యులకు దగదు. ఇక సామాన్యుల కేమి లాభమను ప్రశ్న. అది శత్రువుల ప్రశ్న గాదు. పన్ను చెల్లించు ప్రతివాని ప్రశ్న. దానికి సమాధానము సిద్ధముగా నున్నచో మంత్రి యడిగినను మరియొక డడిగినను నష్టమేమి?

2007 ఓటమి ఢిల్లీకి జరిగిన కీడా, మేలా యన్నది మూడేండ్లలోనే తేలినది. 2010 క్రీడలకు కొలది దినములకు ముందు, సెప్టెంబరు 21వ తేదీన, ప్రధాన క్రీడారంగము చెంత నిర్మాణమున నున్న పాదచారుల వంతెన కూలి పనివారు గాయపడిరి. క్రీడాకారుల నివాసములు అశుభ్రముగా నున్నవని విదేశీయులు ఫిర్యాదు చేసిరి. కంప్ట్రోలరు ఆడిటరు జనరలు 2011 ఆగస్టులో పార్లమెంటు ఎదుట నుంచిన నివేదిక యందు జాప్యము, అధిక ధరలు, లెక్కల లోపములు పేజీల కొలది వర్ణింపబడినవి. ఆ క్రీడలయందే మన యువతీయువకులు 38 స్వర్ణములతో సహా 101 పతకములు గడించి రెండవ స్థానమున నిలిచిరి. ఆడినవారు దేశము పరువు నిలిపిరి, ఆడించినవారు తీసిరి. 2014 క్రీడలు గూడ వచ్చియున్నచో ఆ చేతులకే మరియొక పద్దు దొరకియుండెడిది.

ఇంచియాను సుఖపడినదా యనిన, ఆ నగరమును క్రీడల నిర్మాణములకై చేసిన యప్పులతో బాధపడినది. వియత్నాము రాజధాని హానోయి 2019లో జరుగవలసిన ఆసియా క్రీడలను 2012లో గెలిచి, వ్యయమునకు జంకి 2014లో తానుగా విడిచిపెట్టినది. వానిని తరువాత ఇండొనీషియా జరిపినది. గెలిచినదానిని వదలుకొన్న ఆ ప్రభుత్వమును పిరికిదని కొందరందురు. అప్పు చేసి పప్పుకూడు తినుటకంటె అది గౌరవకరమని మా యభిప్రాయము.

మన హైదరాబాదు

ఆంధ్రదేశమున గూడ దీనికి దృష్టాంతము కలదు. హైదరాబాదు నగరమున 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు జరిగినవి. గచ్చిబౌలియందు విశాలములగు క్రీడారంగములు వెలసినవి. కాని ఆ తరువాతి యేండ్లలో తెలుగునాటికి ఒలింపిక్ పతకములు తెచ్చిన మార్గ మేది? అదే గచ్చిబౌలిలో ప్రభుత్వ మొసగిన ఐదెకరముల భూమిలో, పుల్లెల గోపీచందు తన యిల్లు తాకట్టుపెట్టియు దాతల సహాయము గొనియు 2008లో నెలకొల్పిన బ్యాడ్మింటను శిక్షణాలయము. అచ్చట శిక్షణ బడసిన సైనా నెహ్వాల్ 2012లో లండనున కాంస్యమును, పి.వి. సింధు 2016లో రియోయందు రజతమును గొనితెచ్చిరి. అంతకు ముందు 2000వ సంవత్సరమున సిడ్నీలో బరువులెత్తి కాంస్యము గడించి, ఒలింపిక్ పతకమందిన మొదటి భారత మహిళయైన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట గ్రామము బిడ్డ.

ఇందుండి తేలున దేమనగా, ఆటలు జరుపుట వేరు, ఆడువారిని బెంచుట వేరు. మొదటిదానివలన రెండవది దానంతట రాదు. రెండవది యున్నచో మొదటిదానికి శోభ కలుగును. చెరువు త్రవ్వకయే తెప్పతిరునాళ్లకు ముహూర్తము పెట్టినవానిని మన గ్రామములలో నేమందురో పాఠకులకు చెప్ప నక్కరలేదు.

మారిన పద్ధతి

ఇంకొక విషయమును మన ప్రజలు గుర్తింపవలయును. నేడు ఆతిథ్యాధికారము నిర్ణయించు పద్ధతి పూర్వమువంటిది గాదు. 2024 క్రీడలకై పోటీ కేర్పడిన నగరము లొకటొకటిగా వెనుదిరిగినవి. హాంబర్గు నగరమున 2015 నవంబరులో ప్రజల యభిప్రాయము గోరగా నధికసంఖ్యాకులు వలదనిరి. బోస్టను తప్పుకొన్నది, రోము తప్పుకొన్నది. బుడాపెస్టులో రెండున్నర లక్షలకు పైగా పౌరులు సంతకములు చేసి ప్రజాభిప్రాయ సేకరణము గోరగా 2017లో ఆ నగరమును విరమించినది. తుదకు మిగిలిన పారిసు, లాస్ ఏంజెల్స్ నగరములకు 2024, 2028 క్రీడలను ఒకేసారి పంచియిచ్చిరి. ఇట్లు వరుడు దొరకుట కష్టమగుటచే 2019లో ఒలింపిక్ సంఘము బహిరంగపు పోటీని మాని, ఒక ఉపసంఘము ద్వారా నగరములతో లోలోపల మంతనములు జరుపు పద్ధతిని బెట్టినది. 2021లో బ్రిస్బేను నగరము ప్రతిపక్షము లేకయే 72 అనుకూలపు ఓట్లతో, 5 ప్రతికూలపు ఓట్లతో 2032 క్రీడలను పొందినది.

ఈ మార్పువలన వ్యర్థ వ్యయము కొంత తగ్గినమాట నిజము. కాని యోటమి కారణము దెలిసికొను మార్గము గూడ సన్నగిల్లినది. 1990లో ఏథెన్సు ప్రజలకు ఏ పర్యాయమున నెన్ని ఓట్లు తగ్గినవో తెలిసినది. ఇకమీద భంగపడు నగరమునకు మూసిన తలుపు మాత్రమే కనబడును. కారణము తెలియని యోటమి అపవాదులకు, కుట్రకథలకు సారవంతమైన నేల. రేపు మన కోర్కె కాదనబడినచో, దేశమునకు ద్రోహము జరిగినదను కేక వేయువారికి కొదువ యుండదు. ఆ కేకకు మన ప్రజలు లొంగగూడదు.

హాంబర్గు ప్రజలను జూడుడు. వారిని ముందుగా నడిగిరి. కావున వారికి తరువాత నాశాభంగ మనునది లేదు. నాడు అనుకూలముగా ఓటు చేసినవారు సయితము, తా మోడినది తమ పొరుగువారి వాదమునకే గాని పరాయివారి కుట్రకు గాదని యెఱుగుదురు. అడిగి చేసిన పనిలో ఓటమియైనను బెద్ద గాయము గాదు. అడుగక చేసిన పనిలో గెలుపైనను లోలోపల నొక యప్పు.

ప్రజల కర్తవ్యము

మేము ఒలింపిక్ క్రీడలకు వ్యతిరేకులము గాము. నూటనలుబది కోట్ల జనము గల దేశము ప్రపంచము నాహ్వానింప గోరుట యుచితమే. అతిథిని బిలుచుట మన సంప్రదాయము. అయితే అతిథిని బిలుచునపుడు గృహస్థు మొదట వసారా యూడ్చును, నీళ్లు నింపించును, గాదెలో బియ్యము చూచుకొనును. ఆ పైననే కబురంపును. ఆ క్రమమునే ప్రభుత్వములు పాటింపవలయునని మా వాదము.

అందుకై మూడు విషయములు ముందుగనే ప్రజలకు దెలుపవలయును. మొదటిది, మొత్తము వ్యయ మెంత, అది కేంద్రమునుండి యెంత, రాష్ట్రమునుండి యెంత, నగరమునుండి యెంత, అంచనా మించినచో భరించువా రెవరు అనునది. ఆ లెక్క యేటేట శాసనసభల యెదుట నుండవలయును. ఉత్సవము ముగిసిన పిమ్మట శవపరీక్షవలె గాదు. రెండవది, కట్టిన ప్రతి రంగము ఉత్సవానంతర మెవరి స్వాధీనమున నుండును, దాని యేటి నిర్వహణ వ్యయము నెవరు చెల్లింతురు, పొరుగుననున్న బడిపిల్ల లందు ఏ గంటలలో నాడవచ్చును అనునది. మూడవది, ఆతిథ్యము దక్కకపోయినను సాగునట్టి పనులేవి యనునది. మంచినీరు, పారుదల, రైలుమార్గము, జిల్లా కొక మంచి క్రీడాస్థలము, బడి కొక వ్యాయామోపాధ్యాయుడు: ఇవి పరదేశీయుల ఓట్లమీద నాధారపడిన పనులు గావు. కోర్కె ఫలింపనినాడు ఇవి గూడ నిలిచిపోవు నెడల, అవి మొదటినుండియు ప్రజలకై తలపెట్టినవి గావనుట స్పష్టము.

ఈ మూడింటికి సమాధానము పొందిన ప్రజలు ఓటమినాడు తల దించుకొన నక్కరలేదు. వారికి రైలు మిగులును, ఆటస్థలము మిగులును, లెక్క మిగులును. సమాధానము పొందనివారు గెలుపునాడు బాణసంచా కాల్చినను, ఆ వెలుగు చల్లారిన పిమ్మట వారికి మిగులునది బాకీ పత్రమే. ఏథెన్సు ప్రజలు 1990లో తమ్మోడించిన వారిపై కోపించిరి. 2004 తరువాత తమ్ము గెలిపించిన వారిపై కోపించిరి. రెండు కోపములకు నడుమ పదునాలుగేండ్లు గడచినవి. ఆ రెండవ కోపము మొదటనే వచ్చియున్నచో ఆ దేశమునకు మేలు జరిగియుండెడిది.

మన ప్రజలు ఆ పదునాలుగేండ్లు వేచియుండవలసిన పనిలేదు. అడుగవలసిన ప్రశ్న లిప్పుడే అడుగవలయును. ప్రశ్నించుట దేశభక్తికి విరుద్ధమను మాట నేడు తరచు వినబడుచున్నది. పన్ను చెల్లించి లెక్క యడుగువానికంటె దేశమునకు హితుడు లేడు. అట్టి హితుల సంఖ్య పెరిగిననాడు, పరదేశపు సభామందిరమున నెవరి పేరు చదివినను, మన నగరములకు మాత్ర మోటమి యుండదని మా నమ్మకము.